పుట్టుకతో వచ్చిన బుద్ధి మారదా?

పదో తరగతిలో అనువంశికత పాఠం చెప్పే రోజు నాకు ప్రతి ఏడాదీ సరదాగానే ఉంటుంది. మెండెల్ బఠానీ మొక్కలు, పొడుగు, పొట్టి, 3:1 నిష్పత్తి నల్లబల్ల మీద రాసేసరికి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెడతారు. "నా ముక్కు మా తాతదే సార్" అని ఒకరంటే, "నా చెవులు మా మేనత్తవి" అని ఇంకొకరు అంటారు. తరగతి అంతా నవ్వులే.

ఒక ఏడాది మాత్రం గంట కొట్టి అందరూ వెళ్ళిపోయాక ఒక కుర్రాడు బల్ల దగ్గరే నిలబడ్డాడు. బాగా చదివేవాడే గాని ఎక్కువగా మాట్లాడేవాడు కాదు.

"సార్, మా నానమ్మకు మతి స్థిమితం ఉండేది కాదట. రెండేళ్ళ నుంచి మా బాబాయికీ అలాగే అయింది. ఎవరూ లేకపోయినా ఎవరితోనో మాట్లాడతాడు. తనను చంపడానికి మనుషులు వస్తున్నారంటాడు. అది మా వంశంలోనే ఉందని ఊళ్ళో అంటారు. మీరు ఇవాళ చెప్పిన పాఠం ప్రకారం నాకూ వస్తుందా సార్?"

"ఛ, రాదులే పోరా" అని పంపించేయవచ్చు. కాని నాకు తెలియని దాన్ని తెలిసినట్లు చెప్పడం అవుతుంది. "ఏమో, రావచ్చు" అని ఊరుకుంటే ఆ కుర్రాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. "దీనికి ఒక్క మాటలో జవాబు లేదు నాయనా. రేపు తరగతిలో అందరికీ చెబుతాను, విను" అన్నాను. ఎవరి పేరూ ఎత్తకుండా మర్నాడు చెప్పిన ఆ పాఠాన్నే, కొంచెం పెంచి, ఇక్కడ మీకోసం రాస్తున్నాను.

సామెత చెప్పే మాట

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మన పెద్దలు అంటారు. పుడకలు అంటే ఇక్కడ చితిలోని కట్టెలు. పుట్టినప్పుడు వచ్చిన గుణం చచ్చేవరకూ పోదని ఈ సామెతకు అర్థం. ఇందులో ఎంత నిజం ఉందో శాస్త్రం దగ్గరకు వెళ్ళి చూద్దాం.

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయని మీరు చదువుకున్నారు. 23 తల్లి నుండి, 23 తండ్రి నుండి వస్తాయి. వాటిలో ఉన్న డి.ఎన్.ఎ. పోగుల మీద ప్రోటీన్ల తయారీకి అవసరమైన జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి. జన్యువు చేసే పని ఏమిటి? ఫలానా ప్రోటీనును ఈ విధంగా తయారుచేయాలని కణానికి చెప్పడం. అంతే. "వీడు పిరికివాడు కావాలి", "ఈమె దిగులుగా ఉండాలి" అని ఏ జన్యువులోనూ రాసి ఉండదు. ప్రోటీన్ల వల్ల నాడీకణాలు తయారవుతాయి. నాడీకణాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ కలయికలు మనం తినే తిండి, వినే మాట, పడే భయం, చేసే పని అన్నిటివల్లా మారుతూ ఉంటాయి. జన్యువుకూ మన ప్రవర్తనకూ మధ్య ఇంత దూరం ఉంది.

ఒక రైతు సాంబమసూరి విత్తనాల బస్తా ఒకటి కొని సగం కాలువ పక్క చేలో, మిగిలిన సగం నీరు అందీ అందని చివరి భూముల్లో చల్లాడనుకోండి. విత్తనం ఒకటే. పంట ఒకటిగా రాదు. ఇక అదే కాలువ పక్క చేలో రెండు రకాల విత్తనాలు చల్లినా పంట ఒకటిగా రాదు. మొదటి చోట తేడా నేలది, నీటిది. రెండో చోట తేడా విత్తనానిది. అయితే ఒక చేలో పండిన ఒక బస్తా ధాన్యాన్ని చూపించి "ఇందులో విత్తనం వాటా ఎన్ని కుంచాలు, నీటి వాటా ఎన్ని కుంచాలు?" అని అడిగితే ఎవరు చెప్పగలరు? చప్పట్లు కొడితే వచ్చిన శబ్దంలో కుడిచేతిది ఎంత, ఎడమచేతిది ఎంత అని అడిగినట్లే ఉంటుంది. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. ముందు ముందు పనికి వస్తుంది.

మొదటి కథ: జన్యువులో ఉన్న జబ్బు, పళ్ళెంలో దొరికిన మందు

1934లో నార్వే దేశంలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను అస్‌బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళింది. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. వాళ్ళ ఒంటి నుండి ఏదో వింత వాసన వచ్చేది. ఫోలింగ్‌కు రసాయనశాస్త్రం కూడా బాగా తెలుసు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం వేసి చూశాడు. మామూలుగా రావలసిన రంగు రాలేదు. ముదురు ఆకుపచ్చ రంగు వచ్చింది. ఆ రంగుకు కారణం వెతుకుతూ పోగా ఫినైల్ పైరువిక్ ఆమ్లం దొరికింది.

జరిగింది ఇది. మనం తినే పాలు, పప్పు, గుడ్డు, మాంసం వంటి వాటిలో ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాన్ని టైరోసిన్‌గా మార్చే ఎంజైము ఒకటి కాలేయంలో ఉంటుంది. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు చెడిపోతే ఫినైల్ అలనిన్ రక్తంలో పేరుకుపోతుంది. ఎదుగుతున్న మెదడుకు అది విషం. తల్లిదండ్రులు ఇద్దరిలోనూ చెడిన ప్రతి ఒక్కొక్కటి ఉండి, బిడ్డకు రెండూ చెడినవే అందితే ఈ జబ్బు వస్తుంది. మెండెల్ లెక్క ప్రకారం అటువంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ జబ్బు పేరు ఫినైల్ కీటోన్యూరియా.

ఇంతకన్నా "పుట్టుకతో వచ్చినది" ఇంకేం ఉంటుంది? సామెత ప్రకారం అయితే ఇక చేసేది లేదు. కాని 1950 దశకం మొదట్లో ఇంగ్లండులో హోర్స్ట్ బికెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ జబ్బు ఉన్న రెండేళ్ళ పాపకు ఫినైల్ అలనిన్ బాగా తగ్గించిన ఆహారం తయారుచేసి పెట్టారు. పాప పరిస్థితి మెరుగుపడింది. 1960 దశకంలో అమెరికాలో రాబర్ట్ గుత్రీ ఒక తేలిక పరీక్ష కనిపెట్టాడు. పుట్టిన బిడ్డ మడమ నుండి రక్తపు చుక్కలు తీసి వడపోత కాగితం మీద ఆరబెట్టి పరీక్షిస్తే చాలు, జబ్బు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. పుట్టిన తొలి వారాల్లోనే కనిపెట్టి ప్రత్యేకమైన ఆహారం మొదలుపెట్టి, దాన్ని విడవకుండా కొనసాగిస్తే ఆ బిడ్డ బుద్ధిమాంద్యం లేకుండా ఎదుగుతుంది, అందరితో పాటు బడికి వెళ్తుంది.

జన్యువు మారలేదు. చెడింది చెడినట్లే ఉంది. మారింది పళ్ళెంలోని తిండి. కాబట్టి మొదటి పాఠం: ఒక జబ్బు జన్యువులో ఉన్నంత మాత్రాన దాన్ని ఏమీ చేయలేమని అర్థం కాదు.

రెండో కథ: వంశంలో కనిపించినా జన్యువులో లేని జబ్బు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. హిమాలయాల దిగువ ప్రాంతాల్లో తరతరాలుగా గొంతు ముందు వాపుతో మనుషులు కనిపించేవారు. దీన్ని గాయిటర్ అంటారు. తాతకు ఉంది, తండ్రికి ఉంది, కొడుక్కి ఉంది. వాపుతో ఆగితే సరే. కొన్ని ఇళ్ళలో పుట్టిన పిల్లలు మాట రాక, చెవి వినిపించక, బుద్ధి ఎదగక ఉండిపోయేవారు. ఇన్ని తరాలుగా ఉన్నదాన్ని చూస్తే ఎవరైనా "వంశలక్షణం" అనుకోరా?

కారణం రక్తంలో లేదు, మట్టిలో ఉంది. మంచు, వర్షాలు, వరదలు ఆ కొండ నేలల్లోని అయొడిన్‌ను కడిగి తీసుకుపోయాయి. మట్టిలో లేనిది పంటలో ఉండదు, నీటిలో ఉండదు. థైరాయిడ్ గ్రంథి తన హార్మోనును తయారుచేయాలంటే అయొడిన్ కావాలి. అది దొరకక గ్రంథి ఉబ్బుతుంది. గర్భిణికి అయొడిన్ బాగా తక్కువైతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు.

శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఈ సమస్య మీద పనిచేశాడు. 1956లో ఆయన, ఆయన సహచరులు హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయను మూడు మండలాలుగా విభజించారు. రెండు మండలాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడో మండలానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే అయొడిన్ ఉప్పు తిన్న రెండు మండలాల పిల్లల్లో గాయిటర్ బాగా తగ్గింది. మూడో దానిలో అలా తగ్గలేదు. 1962లో మన దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ పథకం ప్రారంభమైంది. ఇవాళ మీ వంటింట్లో ఉన్న ఉప్పు పొట్లం మీద "అయొడైజ్డ్" అని కనిపించేది ఈ కృషి ఫలితమే.

రెండో పాఠం: ఒక కుటుంబంలో చాలామందికి ఉన్నంత మాత్రాన అది జన్యువులదే అని చెప్పలేం. ఒక కుటుంబం రక్తంతో పాటు ఇంటినీ, తిండినీ, అప్పులనూ, భయాలనూ, అలవాట్లనూ కూడా పంచుకుంటుంది.

కవలలు చెప్పిన సాక్ష్యం

మరి ఏది రక్తానిది, ఏది ఇంటిది అని విడదీయడం ఎలా? ప్రకృతే ఒక ప్రయోగం చేసి పెట్టింది. అదే కవల పిల్లలు. ఒకే పిండం రెండుగా చీలి పుట్టినవాళ్ళు సమరూప కవలలు. వాళ్ళ జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు వేరు వేరు అండాల నుండి పుట్టినవాళ్ళకు, మామూలు అన్నదమ్ములకు ఉన్నట్లే, సగటున సగం జన్యువులే కలుస్తాయి. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో పెరుగుతారు. కాబట్టి ఒక జబ్బు సమరూప కవలలు ఇద్దరికీ కలిసి రావడం, రెండో రకం కవలల్లో కన్నా ఎక్కువగా కనిపిస్తే అందులో జన్యువుల పాత్ర ఉందని తెలుస్తుంది.

ఆ కుర్రాడు తన బాబాయి గురించి చెప్పిన లక్షణాలు స్కిజోఫ్రేనియా అనే జబ్బులో కనిపిస్తాయి. (ఏ జబ్బో తేల్చవలసింది వైద్యుడే గాని నేను కాదు.) ఈ జబ్బు జీవితకాలంలో నూటికి సుమారు ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి సుమారు 10. నానమ్మకో బాబాయికో ఉంటే నూటికి 3 నుండి 5 వరకు. సమరూప కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం, వేరు వేరు పరిశోధనల్లో, నూటికి 30 నుండి 50 వరకు తేలింది.

ఈ అంకెలను రెండు వైపుల నుండీ చదవాలి. ఒకటి నుండి 50 దాకా పెరిగిందంటే జన్యువుల పాత్ర చాలా ఉంది, కాదనలేం. అదే సమయంలో, అన్ని జన్యువులూ ఒకటే అయిన కవలల్లో కూడా సగమో అంతకన్నా ఎక్కువ మందో ఆ జబ్బు లేకుండానే ఉన్నారు. నూటికి 10 అంటే తొంభైమందికి రాదనే గదా! నానమ్మకూ బాబాయికీ ఇద్దరికీ ఉంటే ఆ అవకాశం ఇంకొంచెం పెరగవచ్చు. అప్పుడు కూడా రానివాళ్ళే చాలా ఎక్కువ.

పైగా ఇది బఠానీ మొక్క పొడుగు పొట్టి వంటిది కాదు. ఒక్క జన్యువు తీర్పు చెప్పదు. 2022లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో ఈ జబ్బుతో సంబంధం ఉన్న చోట్లు మన జన్యు సంపదలో 287 కనిపించాయి. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. ఇక ఎక్కువగా కనిపించే కుంగుబాటు జబ్బు, అనగా డిప్రెషన్ విషయంలో, మనుషుల మధ్య తేడాలలో జన్యువుల వాటా మూడింట ఒక వంతుకు కొంచెం పైన అని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక్కడ మన వరిచేను గుర్తు తెచ్చుకోండి. ఈ వాటా జనం మొత్తంలో కనిపించే తేడాలకు సంబంధించినది. "నా దిగులులో మూడో వంతు మా నాన్నది" అని ఒక మనిషికి లెక్క కట్టడానికి వీల్లేదు.

పెంపకం మెదడుకు ఏం చేస్తుంది?

కెనడా దేశంలోని మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం ఎలుకల మీద ప్రయోగాలు చేసింది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను ఎక్కువగా నాకుతాయి, దువ్వుతాయి. కొన్ని అంతగా పట్టించుకోవు. బాగా చూసుకున్న తల్లి దగ్గర పెరిగినవి పెద్దయ్యాక బెదురు తక్కువగా ఉండి, భయం కలిగినా త్వరగా తేరుకున్నాయి. ఇది తల్లి రక్తం వల్లనా, తల్లి లాలన వల్లనా? పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లలను తెచ్చి బాగా చూసుకునే తల్లి దగ్గర పెంచారు. అవి పెంచిన తల్లి పిల్లల్లాగే ధైర్యంగా ఎదిగాయి. 2004లో ప్రచురించిన పరిశోధనలో, ఆందోళనను అదుపుచేసే ఒక జన్యువు మీద ఉండే రసాయన గుర్తులు లాలనను బట్టి మారాయని చూపించారు. జన్యువు అక్షరాలు మారలేదు. ఆ జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే గుర్తులు మారాయి.

ఎలుక ఎలుకే, మనిషి మనిషే. మనుషుల సంగతి వేరుగా చూడాలి. 1989లో రుమేనియా దేశంలో ప్రభుత్వం కూలిపోయినప్పుడు అక్కడి అనాథ శరణాలయాల్లో వేలాది పిల్లలు పలకరించే దిక్కు లేకుండా ఉన్నారని లోకానికి తెలిసింది. 2000లో బుఖారెస్ట్ నగరంలో 136 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. చీట్లు వేసినట్లుగా వాళ్ళను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి పెంపుడు కుటుంబాలను వెతికి ఇచ్చారు. కుటుంబాల్లో పెరిగిన పిల్లల తెలివి, మాట, మనసు నిలకడ మెరుగుపడ్డాయి. ముఖ్యంగా రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళు బాగా కోలుకున్నారు. ఎత్తుకోవడం, ఊసులాడడం, ఏడిస్తే దగ్గరకు తీసుకోవడం ముద్దుకోసం చేసే పనులు మాత్రమే కావు. పసి మెదడుకు అవి కూడా ఆహారమే.

అలవాటు అనే మూడో చేయి

జన్యువులను మనం ఎంచుకోలేదు. పుట్టిన ఇంటిని కూడా ఎంచుకోలేదు. మరి మన చేతిలో ఉన్నది ఏమిటి?

లండన్ నగరంలో టాక్సీ నడపాలంటే వేలాది వీధులను కంఠస్థం చేసి పరీక్ష నెగ్గాలి. 2000లో ఎలియనార్ మగ్వైర్ బృందం ఆ డ్రైవర్ల మెదళ్ళను పరీక్షించింది. దారులను గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిప్పోకాంపస్ అనే భాగం వెనుక వైపు, ఇతరులలో కన్నా వాళ్ళలో పెద్దదిగా ఉంది. "పుట్టుకతోనే పెద్దది ఉన్నవాళ్ళు డ్రైవర్లు అయ్యారేమో!" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. అందుకే వాళ్ళు శిక్షణ మొదలుపెట్టే వాళ్ళను తీసుకుని, నాలుగేళ్ళ వరకు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో అందరి మెదళ్ళూ ఒకేలా ఉన్నాయి. చదివి పరీక్ష నెగ్గినవాళ్ళలో మాత్రం ఆ భాగం పెరిగింది. అదే 2011లో అమెరికాలో 120 మంది వృద్ధులతో జరిగిన ఇంకొక అధ్యయనంలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు చురుగ్గా నడిచినవాళ్ళ హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. నడవకుండా ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళలో అది కొంచెం తగ్గింది. అంటే ముసలితనంలో కూడా మెదడు మారడం మానలేదన్నమాట.

అలవాటు ఎన్ని రోజులకు కుదురుతుంది? 21 రోజులు చాలునని చాలామంది చెబుతారు. 2010లో లండన్‌లో 96 మందితో ఒక అధ్యయనం జరిగింది. రోజూ ఒక నిర్ణీత సందర్భం తర్వాత, ఉదాహరణకు ఉదయం ఫలహారం చేసిన తర్వాత, ఒక చిన్న పని చేయమన్నారు. ఆ పని తలచుకోకుండానే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి. కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కలగలేదు. కాబట్టి మీరు పొద్దున్నే లేచి చదవాలని మొదలుపెట్టి నాలుగో రోజు లేవలేకపోతే "నా బుద్ధే ఇంత" అనుకోకండి. ఐదో రోజు లేవండి.

ఈ మూడో చేయి చెడుకు కూడా పనిచేస్తుంది. గంజాయి అలవాటు స్కిజోఫ్రేనియా వంటి జబ్బుల ముప్పును పెంచుతుంది. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే, ఎంత ఎక్కువగా వాడితే ముప్పు అంత ఎక్కువ. కుటుంబంలో ఆ జబ్బు ఉన్నవాళ్ళు దాని జోలికే పోకూడదు. మా కుర్రాడి చేతిలో ఉన్న మొదటి మేలు ఇదే. కంటినిండా నిద్ర, రోజూ ఆట, మనసులోని మాట చెప్పుకోవడానికి ఒక మనిషి, ఇవి కూడా మన చేతికి అందేవే.

ఒక హెచ్చరిక

ఇంత చెప్పాక ఒక తప్పు అర్థం తీసే ప్రమాదం ఉంది. "అలవాట్లు మార్చుకుంటే సరిపోతుందిగా, మరి జబ్బుపడినవాడు ఎందుకు మార్చుకోలేదు? వాడిదే తప్పు" అనుకోకూడదు. చక్కెర జబ్బు ఉన్నవాడితో "గట్టిగా అనుకో, తగ్గిపోతుంది" అంటామా? మెదడు కూడా కాలేయం, గుండె లాంటి అవయవమే. దానికి జబ్బు చేస్తే వైద్యం కావాలి. స్కిజోఫ్రేనియాకు మందులు ఉన్నాయి. డిప్రెషన్‌కు మందులూ ఉన్నాయి, మాటల ద్వారా చేసే చికిత్సా ఉంది. తాయెత్తులతో, కొరడా దెబ్బలతో పోయేది కాదు. ఎంత ఆలస్యం చేస్తే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

మీలో ఎవరికైనా రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, బతకాలని అనిపించకపోవడం వంటివి ఉంటే దాచుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళకో, మీకు నమ్మకమున్న ఉపాధ్యాయునికో చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు.

మళ్ళీ ఆ కుర్రాడి దగ్గరకు

పాఠం అయిన నాలుగు రోజులకు ఆ కుర్రాడి తండ్రి బడికి వచ్చారు. చేతిలో చేసంచి, కళ్ళలో నీళ్ళు. "మాస్టారూ, మావాడు ఇంట్లో పోరు పెడుతున్నాడండి. బాబాయికి గాలి సోకలేదు, జబ్బు, ఆసుపత్రికి తీసుకెళ్ళమంటాడు. నిజమేనంటారా?" అని అడిగారు. అప్పటికి వాళ్ళు రెండేళ్ళుగా గుళ్ళ చుట్టూ, మంత్రగాళ్ళ చుట్టూ తిరిగి ఒక ఎకరం అమ్ముకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుందని చెప్పి, ఏ రోజు వెళ్ళాలో కనుక్కుని చీటీ రాసి ఇచ్చాను.

మందులు మొదలుపెట్టారు. బాబాయి మునుపటి మనిషి అయిపోయాడని చెప్పను. కాని ఆ మాటలు వినపడడం తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఉదయంపూట పాలు కేంద్రానికి తీసుకువెళ్ళి పోసి రావడం తన పనిగా పెట్టుకున్నాడు. మందు బిళ్ళ వేళకు వేసుకున్నాడో లేదో చూసే పని మా కుర్రాడిది. కుర్రాడు ఇంటర్ చదువుకు పట్నం వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చి, "సార్, నాకు రాదని మీరు చెప్పలేదు" అన్నాడు. "చెప్పలేదురా, ఎవరూ చెప్పలేరు" అన్నాను. "ఫరవాలేదు సార్. వస్తే ఏం చేయాలో తెలుసు గదా" అన్నాడు.

ఇప్పుడు సామెత సంగతి మీరే చెప్పండి. పుట్టుకతో కొంత వస్తుందన్న సగం నిజం. పుడకల దాకా మారదన్న సగం నిజం కాదు.

చేసి చూడండి

1. ఒకే పొట్లంలోని మెంతులను రెండు కుండీల్లో చల్లండి. ఒకటి వెలుగులో, ఒకటి చీకటి పెట్టెలో వారం రోజులు ఉంచి రెండిటికీ నీరు పోయండి. రంగు, పొడవు రాసుకోండి. తర్వాత చీకట్లోని కుండీని వెలుగులోకి తెచ్చి మూడు రోజులు గమనించండి. విత్తనంలో ఏం మారింది? మొక్కలో ఏం మారింది?

2. రోజూ తప్పకుండా చేసే ఒక పనికి (పళ్ళు తోముకోవడం, బడి నుండి రావడం) ఒక చిన్న కొత్త పనిని జత చేయండి. కాగితం మీద 66 గడులు గీసి, చేసిన రోజు టిక్కు పెట్టండి. తప్పిన రోజును ఖాళీగా వదిలి మర్నాడు కొనసాగించండి. గుర్తు చేసుకోకుండానే ఆ పని జరిగిపోయిన మొదటి రోజు ఎన్నో గడిలో ఉంది?

ఆలోచించండి

1. ఫినైల్ కీటోన్యూరియా ఉన్న బిడ్డకు ఆహారం మార్చినప్పుడు జన్యువు మారిందా? ఆ బిడ్డ పెద్దయ్యాక తన పిల్లలకు ఏ జన్యువును అందిస్తుంది?

2. కాంగ్రా లోయలో మూడో మండలానికి మామూలు ఉప్పు ఎందుకు ఇచ్చారు? అది లేకపోతే ఏం తేల్చలేకపోయేవారు?

3. సమరూప కవలల్లో ఒకరికి జబ్బు వచ్చి రెండోవారికి రాకపోవడం వల్ల మనకు ఏం తెలుస్తుంది?